హౌరా నుంచి అగ్నిపర్వత దీవులకు: బయలుదేరే ముందు ఒక పాఠం

ఈ పాఠంలో మనం ఒక విహారయాత్రకు ఏర్పాట్లు చేసుకుందాం. సామాను సర్దడం తర్వాతి సంగతి. ముందుగా మనం వెళ్లే నేల ఎలా పుట్టిందో తెలుసుకుందాం. అది తెలిస్తే ఎక్కడికి వెళ్లాలి, ఎన్ని రోజులు ఉండాలి, దేన్ని దూరం నుంచే చూడాలి అనే ప్రశ్నలకు జవాబులు వాటంతట అవే దొరుకుతాయి.

సికింద్రాబాదు, విజయవాడ, విశాఖపట్నాల నుంచి వచ్చే రైళ్లలో మీరు హౌరాలో గానీ, దానికి దగ్గరలోనే ఉన్న షాలిమార్‌లో గానీ దిగుతారు. అండమాన్ వెళ్లే ఓడ ఎక్కాలన్నా, విమానం ఎక్కాలన్నా హుగ్లీ నది దాటి కోల్‌కతా వైపు వెళ్లవలసిందే. హౌరా స్టేషన్ బయటే పడవల రేవు ఉంది. అక్కడ ఒక గ్లాసులో నది నీళ్లు పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున మెత్తని ఒండ్రు పేరుకుంటుంది. మన పాఠం ఈ ఒండ్రుతోనే మొదలవుతుంది.

దీవులు రెండు రకాలు

గంగ, బ్రహ్మపుత్ర నదులు హిమాలయాల నుంచి తెచ్చిన ఒండ్రు బంగాళాఖాతం అడుగున విసనకర్ర ఆకారంలో సుమారు 3,000 కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉంది. ప్రపంచంలో ఇలాంటి సముద్రగర్భ మేటల్లో ఇదే అతి పెద్దది. దీన్ని మోస్తున్న భూఫలకం కదలకుండా ఉండదు. అండమాన్ దీవులకు పడమట ఉన్న సముద్ర కందకం దగ్గర అది ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున తూర్పు ఫలకం కిందికి దూరుతోంది.

పారతో బురదను నెట్టినప్పుడు ఏం జరుగుతుందో మీరు చూసే ఉంటారు. పార ముందు బురద ముడతలు పడి కుప్పగా లేస్తుంది. అలాగే, కిందికి దిగే ఫలకం మీద ఉన్న అవక్షేపాలు, సముద్రగర్భపు రాళ్లు గీరుకుపోయి ఒకదానిపై ఒకటి పేరుకున్నాయి. అలా నీటిపైకి లేచిన వరుసే అండమాన్ దీవుల్లో అధిక భాగం. మనం దిగే శ్రీ విజయపురం (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్), బారాటాంగ్ ఇలాంటి నేలలే. అంటే ఇవి అగ్నిపర్వతాలు కక్కిన దీవులు కావు. పైకి లేచిన సముద్రపు అడుగు.

మరి అగ్నిపర్వతాలు ఎక్కడున్నాయి? ఈ వరుసకు తూర్పున ఉన్నాయి. కిందికి దిగిన ఫలకం తనతో పాటు నీటిని కూడా తీసుకువెళుతుంది. దాదాపు వంద కిలోమీటర్ల లోతులో ఆ నీరు రాళ్ల నుంచి విడిపోయి పైనున్న వేడి శిలల్లోకి చేరుతుంది. ఐసు ముక్కల మీద ఉప్పు చల్లితే, వేడి చేయకపోయినా అవి త్వరగా కరుగుతాయి కదా! అదేవిధంగా నీరు చేరిన శిల తక్కువ ఉష్ణోగ్రతకే కరుగుతుంది. ఆ శిలాద్రవం పైకి వచ్చి అగ్నిపర్వతాలను నిర్మిస్తుంది. అండమాన్ సముద్రంలో ఇలా పుట్టి, నీటిపైన కనిపించే దీవులు రెండే: బారెన్, నార్కొండం.

చూడదగినవి, దూరం నుంచే చూడవలసినవి

బారెన్ దీవి శ్రీ విజయపురానికి ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. భారతదేశంలో క్రియాశీలంగా ఉన్న అగ్నిపర్వతం ఇదొక్కటే. దీవి అడ్డకొలత సుమారు మూడు కిలోమీటర్లు, ఎత్తు దాదాపు 350 మీటర్లు. అయితే మనకు కనిపించేది శిఖరం మాత్రమే. దాని పాదం రెండు వేల మీటర్లకు పైగా లోతులో, సముద్రగర్భంలో ఉంది. 1787లో దీని విస్ఫోటనం మొదటిసారి నమోదైంది. పందొమ్మిదో శతాబ్దంలో శాంతించి, చాలాకాలం నిద్రాణంగా ఉండి, 1991లో మళ్లీ మేల్కొంది. ఆ తర్వాత 1994-95లో, 2005లో, 2017లో, ఇటీవల 2025 సెప్టెంబరులో దీని విస్ఫోటనాలు వార్తల్లోకి వచ్చాయి.

ఈ దీవిలో జనావాసం లేదు. పర్యాటకులను దిగనివ్వరు. అనుమతి ఉన్న నౌక నుంచి దూరంగా చూడడమే పద్ధతి. పొగ కనిపించవచ్చు, నల్లని లావా వాలు మాత్రమే కనిపించవచ్చు, సముద్రం బాగా లేకపోతే ప్రయాణమే రద్దు కావచ్చు. పిల్లలకు “నిప్పులు చూపిస్తాను” అని మాట ఇచ్చి తీసుకువెళ్లకండి. అగ్నిపర్వతానికి మన సెలవుల పట్టిక తెలియదు. నార్కొండం ఇంకా ఉత్తరాన, అడవితో నిండి ఉంటుంది. అక్కడ తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేని నార్కొండం హార్న్‌బిల్ పక్షికి అది ఇల్లు. అది విహారస్థలం కాదు.

బారాటాంగ్‌లో “బురద అగ్నిపర్వతాలు” ఉన్నాయి. పేరు చూసి పొరపడకూడదు. అక్కడ శిలాద్రవం ఉండదు. భూమి లోపల కుళ్లిన సేంద్రియ పదార్థం నుంచి పుట్టిన వాయువులు, నీరు కలిసి చల్లని బురదను పైకి నెడతాయి. దగ్గరలోనే సున్నపురాతి గుహలు ఉన్నాయి. సున్నపురాయి సముద్రజీవుల అవశేషాలతో ఏర్పడుతుంది. ఈ నేల ఒకప్పుడు సముద్రపు అడుగేనని చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

బారాటాంగ్ దారి జరావా తెగ రక్షిత ప్రాంతం గుండా పోతుంది. వాహనాలన్నీ నిర్ణీత సమయాల్లో బృందంగానే వెళ్లాలి. దారిలో ఆగడం, ఫోటోలు తీయడం, జరావాలకు తినుబండారాలు ఇవ్వడం నేరం. మన దగ్గరి చిన్న జలుబు కూడా వారికి ప్రాణాంతకం కావచ్చు. మనం వెళ్లేది రాళ్లను చూడడానికి, మనుషులను ప్రదర్శన వస్తువులుగా చూడడానికి కాదు.

కాలం, రోజులు, ఏర్పాట్లు

డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది. మే నుంచి నైరుతి రుతుపవనాల అలజడి మొదలవుతుంది. కోల్‌కతా నుంచి విమానంలో సుమారు రెండు గంటలు, ఓడలో దాదాపు మూడు రోజులు పడుతుంది. విశాఖపట్నం, చెన్నైల నుంచి కూడా ఓడలు ఉన్నాయి. విశాఖ ఓడలు తక్కువ కాబట్టి తేదీలు ముందుగానే విచారించుకోవాలి.

ఏడు రోజులు ఇలా విభజించుకోవచ్చు:

మొదటి రోజు శ్రీ విజయపురం, దగ్గరలోని సిప్పీఘాట్. రెండో రోజు తెల్లవారుజామునే బయలుదేరి బారాటాంగ్. మూడు, నాలుగు రోజులు స్వరాజ్ ద్వీప్ (2018 వరకు హేవ్‌లాక్), అక్కడి పగడపు దిబ్బలు. ఐదు, ఆరు రోజులు బారెన్ ప్రయాణానికి. అది ఒక్కరోజు పనే అయినా, వాతావరణం కోసం రెండో రోజు చేతిలో ఉండాలి. ఏడో రోజు పూర్తిగా ఖాళీ.

తిరుగు ప్రయాణంలో ఓడ దిగే రోజునే హౌరాలో రైలు టికెట్ తీసుకోకండి. ఓడ సముద్రం నుంచి కోల్‌కతా రేవుకు హుగ్లీలో దాదాపు 200 కిలోమీటర్లు పైకి రావాలి. అందుకు ఆటుపోట్ల కోసం వేచి ఉండవలసి వస్తుంది. మధ్యలో ఒక రోజు ఉంచుకుంటే, ఓడ సకాలంలో వచ్చినప్పుడు కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో శిలల విభాగం చూడవచ్చు.

కాళ్ల కింద నేల కదిలితే

సిప్పీఘాట్ చూడమని ఎందుకన్నాను? ఒకప్పుడు అక్కడ వరి పండేది. 2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నర వేళ, మనం చెప్పుకున్న ఆ ఫలకమే ఒక్కసారిగా జారింది. భూకంప తీవ్రత 9.1. శ్రీ విజయపురం ప్రాంతంలో నేల దాదాపు ఒక మీటరు కుంగి, పొలాల్లోకి ఉప్పునీరు చేరింది. ఉత్తర అండమాన్ పడమటి తీరంలో మాత్రం పగడపు దిబ్బలు నీటిపైకి తేలాయి. ఆ రోజు లేచిన సునామీ మన కోస్తా తీరానికి కూడా వచ్చింది. 2007 నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సునామీ హెచ్చరికలు అందిస్తోంది.

కానీ భూకంప కేంద్రం దగ్గరలోనే ఉంటే హెచ్చరిక చేరేంత సమయం కూడా ఉండకపోవచ్చు. సముద్రపు ఒడ్డున ఉన్నప్పుడు నేల బలంగా గానీ, ఎక్కువసేపు గానీ కంపించినా, సముద్రం అకస్మాత్తుగా వెనక్కి పోయినా, ప్రకటన కోసం ఎదురుచూడకండి. సామాను వదిలి ఎత్తైన చోటికి నడవండి. మొదటి అల తగ్గిందని వెంటనే దిగి రాకండి. 2004లో లిటిల్ అండమాన్‌లోని ఓంగేలు సముద్రపు తీరు గమనించి ఎత్తుకు వెళ్లి ప్రాణాలు దక్కించుకున్నారు. బస దిగిన మొదటి సాయంత్రమే, ఎత్తైన చోటికి దారి ఎటో అడిగి ఇంటిల్లిపాదికీ చూపించండి. అక్కడ తెలుగు మాట్లాడేవారు చాలామందే ఉన్నారు, అడగడానికి మొహమాటం అవసరం లేదు.

పునశ్చరణ

అండమాన్ దీవుల్లో అధిక భాగం పైకి లేచిన సముద్రపు అడుగు. బారెన్, నార్కొండం మాత్రమే అగ్నిపర్వత దీవులు. ఈ రెంటినీ సృష్టించిన కదలికే భూకంపాలకూ కారణం. కాబట్టి యాత్రలో అందాన్ని చూసే కన్నూ, అప్రమత్తంగా ఉండే చెవీ రెండూ అవసరం.

ఇక మీకొక చిన్న అభ్యాసం. తిరిగి వచ్చాక హౌరా రేవులో మళ్లీ ఒక గ్లాసు నీళ్లు పట్టండి. అడుగున చేరిన ఆ ఒండ్రు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోతుంది, చివరకు ఏమవుతుంది? మీ పిల్లలకు మీ మాటల్లో చెప్పి చూడండి. సెలవు.