దూది ఆపలేని హోరు

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చలికాలం తెల్లవారుజామున బండెక్కేవాళ్లు చెవుల్లో ఇంత దూది కుక్కుకుంటారు. పత్తి పండే సీమ, దూదికి కరువా! చలిగాలికి అది సరే. చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు పదహారో నంబరు జాతీయ రహదారి మీద వేగం అందుకున్నాక మొదలయ్యే హోరును మాత్రం అది పెద్దగా ఆపదు. పోగుకూ పోగుకూ మధ్య గాలి ఆడే చోటల్లా శబ్దమూ దూరుతుంది. కాలవ గట్టుకు పడ్డ గండి చిన్నదే అయినా నీళ్లు ఆగవు కదా.

ఈ హోరుకు చాలామంది సైలెన్సర్‌ని తిడతారు. గంటకు 60, 70 కిలోమీటర్లు దాటాక ఇంజను మోతను గాలి మోత మించిపోతుంది. హెల్మెట్ అంచుల దగ్గర, ముఖ్యంగా గడ్డం కింద, గాలి సుడులు తిరిగి లోపలంతా గుమ్మంటుంది. తలను కాపాడే హెల్మెట్‌కు ఈ బొంగురు మోతను ఆపే శక్తి లేదు. వంద వేగంలో అది 95 డెసిబెల్స్ దాటడం మామూలే. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిది గంటలుండొచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. ఆపైన మూడేసి డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ వ్యవధి సగానికి పడిపోతుంది. 97 దగ్గర మిగిలేది అరగంట. గుంటూరు నుంచి ఒంగోలు వంద కిలోమీటర్ల పైమాటే! లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు.

దూదిలోని గండ్లు పూడ్చినవాడు బెర్లిన్ మందుల వ్యాపారి మాక్స్ నెగ్వర్. గ్రీకు కావ్యం 'ఒడిస్సీ'లో యులిసిస్ తన నావికుల చెవుల్లో మైనం పెట్టిన కథే ఆయనకు దారి చూపిందంటారు. మైనం, వాసెలిన్ కలిపి దూదికి పట్టించి, 1908లో 'ఓరోపాక్స్' పేరుతో అమ్మకానికి పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అది సైనికుల చెవుల్లోకి చేరింది, చప్పుడంటే పడని రచయిత కాఫ్కా చెవుల్లోకీ చేరింది.

ఇప్పుడు మందుల షాపుల్లో దొరికే నురుగు ప్లగ్ కథ వేరు. 1960లలో అమెరికాలోని నేషనల్ రిసెర్చ్ కార్పొరేషన్ కంపనాలను మింగేసే ప్లాస్టిక్ పదార్థాల మీద పనిచేస్తోంది. చెవుల ఊసే లేదు. 1967లో రాస్ గార్డ్‌నర్ బృందం కంట్లో ఒక వింత పడింది. ఆ నురుగును నలిపి వదిలితే వెంటనే లేవదు, తాపీగా ఉబ్బుతుంది. ఈ బద్ధకంలోనే ఉంది దాని పనితనమంతా. ఏ ఇద్దరి చెవి రంధ్రాలూ ఒకలా ఉండవు, ఒకే మనిషికి కుడి ఎడమల్లోనూ తేడా ఉంటుంది. సన్నగా నలిపిన నురుగు లోపలికి జారేదాకా ఆగి, ఆనక మెల్లగా ఉబ్బి, ఆ రంధ్రం ఆకారాన్నే తనది చేసుకుంటుంది. 1972 నాటికి ఆ పసుపుపచ్చ బిరడా అంగళ్లకొచ్చింది.

చెవులు ఒకలా ఉండవు కాబట్టే, ఇయర్‌ప్లగ్ ఎంత మోత తగ్గిస్తుందో చెప్పే పొట్లం మీది అంకెను మరీ నమ్మకూడదు. 33 డెసిబెల్స్ అని రాసి ఉంటే, అందులోంచి 7 తీసేసి, మిగిలింది సగం చేసుకోమంటుంది అమెరికా కార్మిక భద్రతా సంస్థ. వచ్చేది 13. అదీ తక్కువేం కాదు, 97ను 84కి దించుతుంది. సరిగా పెట్టుకోకపోతే ఆ పదమూడూ దక్కవు. రెండో చేతిని తల వెనగ్గా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి, నలిపిన ప్లగ్‌ను లోపలికి నెట్టి అరనిమిషం వేలు తీయకూడదు. బయటికి పొడుచుకొచ్చే పొడవు రకం వద్దు, హెల్మెట్ తొడిగేటప్పుడు ఊడొస్తుంది.

హారన్ వినపడదేమోనన్న భయం సహజం. హైవే మీద హారన్‌ను మింగేది గాలి హోరే. ప్లగ్ ఆ రెండింటినీ తగ్గిస్తుంది కాబట్టి నష్టం అనుకున్నంత ఉండదు. ఊళ్లోకి మళ్లాక మాత్రం, ట్రాక్టర్లూ గేదెలూ అడ్డొచ్చే దారిలో, తీసి జేబులో వేసుకోవడమే నా సలహా.

ఇంకో జాగ్రత్త: మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) ముట్టుకున్న చేతులతో నురుగును నలపొద్దు. కారం ఘాటుకు మూలమైన కాప్సైసిన్ ఉత్త నీళ్లకు పోదు, వేళ్లకు నూనె రాసి సబ్బుతో కడగాలి. చెమటకూ గుబిలికీ నురుగు కూడా కొన్నాళ్లకు బిరుసెక్కుతుంది. నలిపి వదిలితే తాపీగా ఉబ్బడం మానేసిన రోజున కొత్త జత కొనాలి.