ఒక్క బ్యాక్టీరియా ఎదుగుదలను ఎలా కొలుస్తారు?

తార్నాక నుంచి ఉప్పల్ వెళ్ళే దారిలో, నాచారం రోడ్డు చీలే హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ భవనాలను మనలో చాలామంది బస్సులోంచి చూసే ఉంటారు. బ్యాక్టీరియా ఎలా పెరుగుతుందో పరిశోధించే చోట్లలో అదొకటి.

మన పేగుల్లో ఉండే ఇ.కోలి పొడవు సుమారు 2 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో 500వ వంతు. మంచి ఆహారం దొరికితే 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. ల్యాబులో మామూలుగా ద్రవం ఎంత మసకబారిందో చూసి దీని పెరుగుదలను కొలుస్తాం. ఇది వడ్ల బస్తాను తూకం వేయడం లాంటిది. మొత్తం బరువు తెలుస్తుంది గాని ఏ గింజ గట్టిదో, ఏది తాలో తెలియదు.

"కంటికి కనబడని పురుగును ఒక్కోదాన్ని ఎట్లా కొలుస్తర్రా?" అని మా నాయన అడిగాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఆయనకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

2010లో అమెరికాలో 'మదర్ మెషీన్' అనే పరికరం తయారైంది. అందులో వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని సందులుంటాయి. ఒక్కో సందు ఒకవైపు మూసి ఉంటుంది. ఆ మూసిన చివర తల్లి కణం నిలిచి ఉంటుంది. పుట్టిన పిల్లలు రెండోవైపు నుంచి బయటికి వచ్చి, అక్కడ పారే ద్రవంలో కొట్టుకుపోతాయి. సూక్ష్మదర్శినికి అమర్చిన కెమెరా నిమిషాల తేడాతో ఫొటోలు తీస్తుంది. ఆ ఫొటోల్లో పొడవు కొలుస్తారు. ఇలా ఒకే తల్లి కణాన్ని వందల తరాల పాటు గమనించారు.

2014-15 నాటి ఇలాంటి కొలతల్లో ఒక సూత్రం బయటపడింది. కణం ఎంత పొడవుతో పుట్టినా, చీలేలోపు దాదాపు ఒకే పొడవు కలుపుకుంటుంది. అది 2 మైక్రాన్లు అనుకుందాం. 1 మైక్రానుతో పుట్టిన కణం 3 అయి చీలుతుంది. దాని పిల్ల 1.5, మనుమరాలు 1.75. 3తో పుట్టిన దాని పిల్ల 2.5, మనుమరాలు 2.25. పొట్టివైనా పొడుగువైనా కొన్ని తరాల్లో 2 దగ్గరకే చేరతాయి.

మరి గట్టి గోడ లోపల ఉన్న కణం పొడవు ఎలా పెరుగుతుంది? ఆ గోడ వల లాంటిది. వల ముడులను కత్తిరించి కొత్త పోగులకు చోటిచ్చే మూడు ఎంజైములను 2012లో సీసీఎంబీలోని డా. మంజులా రెడ్డి బృందం గుర్తించింది. ఆ మూడూ లేకపోతే కణం ఎదగలేదు. కణ గోడపై పరిశోధనలకు ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది.

ఒక్కోదాన్నీ కొలిస్తే మనకేం లాభం? 2004లో నథాలీ బలబాన్ బృందం ఇ.కోలి కణాలను ఒక్కొక్కటిగా గమనించింది. కొన్ని కణాలు మందు వేయకముందే పెరగడం దాదాపు ఆపేసి ఉన్నాయి. మందు పడ్డాక, పెరిగేవి చచ్చాయి, ఇవి మిగిలాయి. తర్వాత మళ్ళీ పెరిగాయి. సగటు లెక్కలో ఇవి కనబడవు. టీబీ మందులు నెలల తరబడి వాడమనడానికి ఇలాంటి మొండి క్రిములు ఒక కారణం. కాబట్టి హాస్టల్లో గాని, ఇంట్లో గాని ఎవరైనా ఆ మందులు వాడుతుంటే, దగ్గు తగ్గిందని మధ్యలో మాననివ్వకండి.