ఇంట్లో మనిషికి మతి చెదిరిన రాత్రి ఎవరిని పిలవాలి?

జీడికి టీ దోమ, కొబ్బరికి కొమ్ము పురుగు పడితే ఏం చెయ్యాలో ఈ పేజీలో చాలాసార్లు చదివారు. ఈ వారం సంగతి పంటది కాదు, పంట పండించే మనిషిది. రైతు జ్వరంతో మంచం పడితే నలుగురం కలిసి ఆసుపత్రికి తీసుకుపోతాం. అదే రైతుకు మతి చెదిరితే గదిలో పెట్టి గొళ్లెం వేస్తాం. బయట ఎవరికీ చెప్పం. పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెల్లో ఇది కొత్త కాదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. వజ్రపుకొత్తూరు మండలంలో ఎకరంన్నర జీడి తోట, పాతిక కొబ్బరి చెట్లు ఉన్న రైతు. పది రోజులుగా నిద్ర లేదు, తిండి సరిగా లేదు. "నేను లేకపోతేనే మీకు మంచిది" అంటున్నాడు. ఒక రాత్రి పదకొండు గంటలకు లేచి, తోటలోకి పోతానంటూ తలుపు తోస్తున్నాడు. కొడుకు హైదరాబాదులో పనిలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది భార్య, ముసలి తల్లి. ఆ ఇద్దరు ఆడవాళ్లు ఆ రాత్రి ఎవరిని పిలవాలి?

మామూలుగా జరిగేది మీకూ తెలుసు. ముందు ఆర్‌ఎంపీ వస్తాడు, నిద్రకు సూది వేస్తాడు. తెల్లారితే మళ్లీ అదే. ఊళ్లో ఒకరు గాలి సోకిందంటారు, ఇంకొకరు చిల్లంగి పెట్టారంటారు. భూతవైద్యుడికి కోడి, కొబ్బరికాయ, నాలుగు వేలు. అప్పటికీ లొంగకపోతే చేతులకు తాడు. చివరికి ఎవరో "విశాఖ తీసుకుపొండి" అంటారు. పలాస నుంచి విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు నూట డెబ్బై కిలోమీటర్లకు పైమాటే. అద్దె కారుకు డబ్బు, కారులో పట్టుకు కూర్చోడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఇవన్నీ కుదిరేసరికి రెండు మూడు వారాలు గడిచిపోతాయి. ఆ వారాల్లోనే ప్రాణాలు పోతున్నాయి.

కాలువ ఉంది, శివారుకు నీరు లేదు

వంశధార ఎడమ కాలువ శివారు రైతుకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. గొట్టా బ్యారేజీ దగ్గర నీళ్లు ఉంటాయి, కాగితం మీద ఆయకట్టు ఉంటుంది, మన చేలోకి మాత్రం తడి రాదు. మానసిక వైద్యం కథా అంతే.

ఉమ్మడి రాష్ట్రంలో ఈ వైద్యానికి ఉన్న పెద్ద సర్కారీ ఆసుపత్రులు రెండే: హైదరాబాదు ఎర్రగడ్డలో ఒకటి, విశాఖలో ఒకటి. ఇలా దూరాభారం ఉండకూడదనే 1982లో కేంద్రం జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం పెట్టింది. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో 1985 ప్రాంతంలో చేసి చూపించారు కూడా. పద్ధతి తేలికైనదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు, నర్సుకు కొద్దిపాటి శిక్షణ, నాలుగైదు రకాల మందులు ఇస్తే చాలామంది రోగుల్ని అక్కడే బాగు చెయ్యవచ్చు. కష్టమైన కేసులే పెద్దాసుపత్రికి పోతాయి. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాల్లో మొదలైంది. వాటిలో మన మెదక్ ఒకటి. తరువాత దేశంలో చాలా జిల్లాలకు వచ్చింది.

మరి లోపం ఎక్కడ? బృందం జిల్లా కేంద్రంలో కూర్చుంటుంది. రోగి అక్కడికి రావాలి, లేదా శిబిరం పెట్టిన రోజు కనబడాలి. మనసు చెదిరిన మనిషి శిబిరం తేదీ చూసుకుని చెదరడు గదా! రాత్రి పూట ఇంటికి వచ్చి చూసే మనిషి లేడు. వైద్యం మొదలుపెట్టినవాడు రెండో నెల మందులకు రాకపోతే, ఏమయ్యాడని వాకిట్లోకి వచ్చి అడిగేవారు లేరు. దేశంలో లక్ష జనాభాకు ఒక మానసిక వైద్యుడు కూడా లేడు. 2015-16లో జరిగిన జాతీయ సర్వే లెక్క ప్రకారం మానసిక జబ్బులున్నవారిలో నూటికి 70 నుంచి 92 మందికి, జబ్బును బట్టి, వైద్యమే అందడం లేదు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. అంటే మన కష్టం లెక్కలోకి కూడా రాలేదన్నమాట.

ఒక్కమాట ఇక్కడ చెప్పాలి. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఏళ్ల తరబడి జనం రోడ్డెక్కి అడిగారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మతి జబ్బుకు వైద్యం కావాలని మనం ఏ గ్రామసభలోనైనా ఒక్కసారి అడిగామా? పరువు పోతుందని ఊరుకున్నాం. అడగని పంటకు నీళ్లెవరు వదులుతారు?

మన ప్రాంతంలో ఎక్కువ జాగ్రత్త ఎందుకు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ముప్ఫై నలభై ఏళ్ల కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలమట్టం అయ్యాయి. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. పరిహారం చెట్టు లెక్కన కట్టారు. ఆరేళ్ల దిగులును మాత్రం ఏ కాగితం మీదా రాసుకోలేదు.

దానికి తోడు కిడ్నీ జబ్బు. దీనికి కారణం ఇదీ అని ఇంతవరకు తేల్చి చెప్పలేదు. వారంలో రెండు మూడు రోజులు డయాలసిస్‌కు పోయే మనిషి, అతన్ని వెంటబెట్టుకుపోయే మనిషి, ఇద్దరి కూలీ పోతుంది. అలాంటి మనిషి దిగులుగా ఉంటే "ఆ జబ్బు ఉన్నోడికి దిగులుండదా ఏటి?" అని వదిలేస్తాం. అది పొరపాటు. కిడ్నీ జబ్బుతో వచ్చే కుంగుబాటుకూ వైద్యం ఉంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. పిచ్చిలా కనబడేదంతా మానసిక జబ్బు కాదు. కిడ్నీలు పనిచెయ్యనప్పుడు రక్తంలో మలినాలు పేరుకుని మనిషి తికమకపడతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, పగలల్లా మత్తుగా పడుకుంటాడు. కాబట్టి ఉద్దానంలో నడివయసు మనిషికి ఉన్నట్టుండి మతి మారితే ముందు క్రియాటినిన్, లవణాలు, షుగరు పరీక్ష చేయించండి. జ్వరంతో మతి మారితే అసలు ఆలస్యం చెయ్యకూడదు. అలాగే రోజూ తాగేవాడు మాల వేసుకునో, ఒట్టు పెట్టుకునో హఠాత్తుగా మానేస్తే రెండు మూడు రోజులకు చేతులు వణికి, చెమటలు పట్టి, లేనివి కనబడతాయి. దెయ్యం పట్టిందని వేపమండలు తెస్తారు. అది ప్రాణం తీయగల స్థితి. వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి.

కిడ్నీ జబ్బు ఉందన్న సంగతి మానసిక వైద్యుడికి తప్పక చెప్పండి. లిథియం అనే మందు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. అవి దెబ్బతింటే ఒంట్లో నిలిచి విషమవుతుంది. వేరే మందులకూ మోతాదు మార్చవలసి రావచ్చు.

చట్టం ఏం చెబుతోంది?

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రమంలో గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు అగ్నిప్రమాదంలో కదలలేక కాలిపోయారు. 28 మంది చనిపోయారు. గొలుసు వేసినవాళ్లు వాళ్ల మేలు కోరే వేశామనుకున్నారు. 2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వెయ్యడాన్ని పూర్తిగా నిషేధించింది.

ఆ చట్టంలో మనకు పనికొచ్చేవి చాలా ఉన్నాయి. 94వ సెక్షన్ ప్రకారం రోగి ప్రాణానికో, ఎదుటివారికో ప్రమాదం ఉన్నప్పుడు ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స చెయ్యవచ్చు. రోగి తరఫు మనిషి ఉంటే ఆయన అంగీకారం తీసుకోవాలి. దగ్గరలోని మానసిక వైద్యశాలకు తరలించడమూ ఆ చికిత్సలో భాగమే. అందుకని టెక్కలిలోనో, పలాసలోనో, సోంపేటలోనో డ్యూటీ డాక్టరు "మా దగ్గర మానసిక వైద్యుడు లేడు" అంటే, "మొదటి చికిత్స మీరు చెయ్యవచ్చు కదండీ, ఆ తరువాత పంపండి" అని మర్యాదగా, గట్టిగా అడగండి. 21వ సెక్షన్ ప్రకారం ఒంటి జబ్బుకు అంబులెన్స్ ఎలా వస్తుందో మతి జబ్బుకూ అలాగే రావాలి. సామాజిక ఆరోగ్య కేంద్రం, ఆపై ఆసుపత్రుల్లో అవసరమైన మందులు ఉచితంగా ఎప్పుడూ ఉండాలి. రోడ్ల మీద తిరుగుతున్న రోగి కనబడితే పోలీసులు రక్షణ కల్పించి 24 గంటల్లో దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు.

ఆత్మహత్యాయత్నం గురించి చాలామందికి ఇంకా భయం ఉంది. పురుగుమందు తాగిన సంగతి చెబితే కేసు అవుతుందని, వాంతులు, కడుపునొప్పి అని చెబుతారు. విలువైన గంట అక్కడే పోతుంది. 2017 చట్టం ప్రకారం అలా చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడని భావించాలే గాని శిక్షించకూడదు. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేనే లేదు. ఆసుపత్రివారు పోలీసులకు కబురు చెబుతారు, అది రివాజు. దానికి బెదరక, తాగిన మందు డబ్బా వెంట తీసుకుపోయి నిజం చెప్పండి. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు.

ఆ రాత్రి ఏం చెయ్యాలి

మనం అనుకున్న ఆ ఇంటికి మళ్లీ వద్దాం. మొదట మనిషిని ఒంటరిగా వదలకూడదు. అరవకుండా, పదిమందిని పోగెయ్యకుండా, అతను నమ్మే ఒక్కరు దగ్గర కూర్చోవాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడవద్దు, అలా జరగదు. అడిగితేనే చాలామంది మనసు విప్పుతారు. పురుగుమందు డబ్బాలు, తాడు, కత్తులు ఇంట్లోంచీ పంపుసెట్టు గదిలోంచీ తీయించి పొరుగింటి వాళ్లకు ఇవ్వండి. చావాలన్న ఆ ఉద్రేకం చాలామందిలో కొద్ది గంటలే ఉంటుంది, ఆ గంటల్లో మందు చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. శ్రీలంకలో 1990ల నుంచి ఘాటైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి.

తరువాత 14416కు ఫోను చెయ్యండి. ఇది 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్. పైసా ఖర్చు లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. అయితే ఫోనులో దొరికేది మాట, సలహా. బండి కోసం 108కి చెయ్యాలి. చేసినప్పుడు "మా ఆయనకు పిచ్చెక్కింది" అనవద్దు. "పది రోజులుగా నిద్ర, తిండి లేదు, చచ్చిపోతానంటున్నాడు, ప్రాణానికి ప్రమాదం" అని చెప్పండి. కొడుతున్నా, ఆయుధం పట్టినా 112కు చెప్పండి. ముందు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి, అక్కడి నుంచి శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి. ఇచ్ఛాపురం, కవిటి వైపు వారికి ఒడిశాలోని బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రి దగ్గర.

ఇంటికి తెచ్చుకున్నాక

అసలు పని ఇక్కడే చెడుతోంది. కుంగుబాటు మందులు గుణం చూపడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. వారానికే పనిచెయ్యలేదని మానేస్తారు. ఇంకొందరు కాస్త తేరుకోగానే "తగ్గిపోయింది, మత్తు మందులెందుకు" అని ఆపేస్తారు. మళ్లీ తిరగబెడితే ఈసారి ఇంకా కష్టం. ఎప్పుడు తగ్గించాలో డాక్టరే చెప్పాలి. డిశ్చార్జి చీటీ మీ ఊరి ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు చూపించండి. మందులు అయిపోయే వారం ముందే గుర్తు చెయ్యమని, దొరక్కపోతే ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చెప్పమని అడగండి. అవి ఉచితంగా ఇవ్వడం లేదంటే ఏ తేదీన ఎవరు లేవన్నారో రాసి పెట్టుకుని, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టవచ్చు. ఈ చట్టం కింద ఉచిత న్యాయ సహాయం రోగి హక్కు.

జబ్బు దీర్ఘకాలం ఉండి పని చెయ్యలేని స్థితి ఉంటే సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోండి. 2016 చట్టంలో మానసిక జబ్బు కూడా వైకల్యాల జాబితాలో ఉంది. 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకు అర్హత వస్తుంది. 2024 జూలైలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు చేశారు. చాలా ఇళ్లలో పరువుకు వెరచి దీనికీ పోవడం లేదు.

డిశ్చార్జి చీటీ, మందుల చీటీ, కిడ్నీ పరీక్షల కాగితాలు, ఆధార్, రేషన్ కార్డు ఒకే సంచిలో పెట్టి తలుపు పక్కన మేకుకు తగిలించండి. 14416, 108 నంబర్లు గోడ మీద బొగ్గుతోనైనా పెద్దగా రాయండి, ముసలి తల్లికి రాత్రి కనబడేలా.