ముసుగు వెనక మోహరాగం

ముందు ఆర్గాన్ మోత. వెంటనే గుండెలదిరేలా గిటార్లు, డ్రమ్ములు. ఆ హోరులోంచి ఓ అమ్మాయి గొంతు సన్నగా పైకి లేస్తుంది. అంతలోనే గరుకైన మగ గొంతు దానికి ఎదురొస్తుంది. నల్లకుంటలో ఏ ఇంటి పిల్లల గదిలోంచి ఇలాంటి పాట వినిపించినా 'ఇదేం గోలరా నాయనా' అని పెద్దవాళ్లు విసుక్కోవడం ఖాయం. కానీ ఆ గోలలో ఓ కథ ఉంది. అదీ మనకు కొత్తకాని కథ!

ఫిన్లండ్‌లోని కిటె అనే చిన్న ఊళ్లో 1996లో పుట్టిన బ్యాండ్ నైట్‌విష్. మెటల్ హోరుకి ఆర్కెస్ట్రానీ ఒపెరా గాత్రాన్నీ జోడించడం దాని ప్రత్యేకత. సింఫొనిక్ మెటల్ అంటే అదే. దానికి చీకటి, మృత్యువు, నిషిద్ధ ప్రేమ లాంటివి తోడైతే గోథిక్ ఛాయ వస్తుంది. 2002లో వచ్చిన 'సెంచరీ చైల్డ్' ఆల్బమ్‌లో ఈ బృందం 'ద ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా' పాటని తనదైన పద్ధతిలో వినిపించింది. శాస్త్రీయ సంగీతం చదువుకున్న టార్యా టురునెన్, బాస్ గిటారిస్టు మార్కో హియెటాలా కలిసి పాడారు.

అసలు పాట ఆండ్రూ లాయిడ్ వెబర్‌ది. 1986లో లండన్‌లో మొదలైన ఆయన సంగీత నాటకంలోది. న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఆ నాటకం 1988 నుంచి 2023 దాకా 13,981 సార్లు ఆడింది. దానికి మూలమేమో గాస్టన్ లెరూ 1909-10లో ఓ ఫ్రెంచి దినపత్రికలో రాసిన సీరియల్!

పారిస్ ఒపెరా భవనం అడుగున ఓ సరస్సు. దాని అవతల ముసుగు మనిషి నివాసం. సంగీతంలో దిట్ట, మొహం మాత్రం వికృతం. క్రిస్టీన్ అనే గాయనికి కనిపించకుండా పాట నేర్పుతాడు. ఆ పాటతోపాటు ఆమె కూడా తనకే సొంతం కావాలనుకుంటాడు. సరస్సు కల్పనే అయినా, ఆ భవనం కట్టేటప్పుడు ఊరిన నీటి కోసం అడుగున పెద్ద తొట్టి కట్టిన మాట నిజం. 'నల్లకుంట' అన్న పేరు దానికీ నప్పుతుంది!

ఈ చీకటి కోరిక మనకూ తెలుసు. 1963 నాటి 'నర్తనశాల'లో ఎస్వీ రంగారావు కీచకుడై, సావిత్రి సైరంధ్రిగా ఎదురైనప్పుడు చూసింది అదే. వద్దన్నా వినని మోహం. అక్కడ నాట్యశాల, ఇక్కడ సంగీతశాల. అయితే కీచకుడు పట్టు విడవక భీముడి చేతిలో చచ్చాడు. నాటకంలోని ముసుగు మనిషి మాత్రం చివర్లో మారతాడు. తన వికృత రూపం చూసి కూడా క్రిస్టీన్ జాలితో ముద్దు పెట్టుకోగానే, ఆమెని ప్రేమించినవాడితోపాటు వదిలేస్తాడు.

చిక్కేమిటంటే, పాట అక్కడిదాకా వెళ్లదు. అతడు పాడమంటూ ఉసిగొల్పుతుంటే ఆమె గొంతు పైపైకి పోవడంతో ఆగిపోతుంది. అందులో వినిపించేది లాగుడే, విడుదల కాదు. పాట వింటూ ఒళ్లు మరిచే కుర్రకారు, విని చెవులు మూసుకునే పెద్దలు... ఇద్దరూ ఆ మిగతా సగం కథ తెలుసుకోవాల్సిందే. ముసుగు మనిషి మీద గౌరవం కలిగేది, అతడు ఆమెని పట్టుకున్నప్పుడు కాదు, పోనిచ్చినప్పుడు మరి!