తెర మీద సైకిలుదే గెలుపు... మరి రోడ్డు మీదో?

"శివ" చూడని కుర్రకారు వుంటారా? 1989 అక్టోబరు 5న విడుదలైన ఆ చిత్రంలో, సైకిలు ముందు బొంగు మీద చిన్నపాపను కూచోబెట్టుకుని నాగార్జున సందుగొందుల్లో పడి తొక్కుతుంటే, వెనకాల కారులో రౌడీలు తరుముతుంటే, హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది! అటు ఇంజను బలం, ఇటు కాళ్ల బలం. జనం ఎవరి పక్షాన వున్నారో వేరే చెప్పాలా? కారులో వచ్చి బాల్కనీ టిక్కెట్టు కొన్న పెద్దమనిషి కూడా ఆ కాసేపూ సైకిలు పార్టీయే!

2025 నవంబరులో ఆ చిత్రం 4కె హంగులతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఆ సందర్భంలోనే దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ, ఆనాడు సైకిలు మీద కూచున్న ఆ పాపకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. అంత చిన్నపిల్లను అంత ప్రమాదకరమైన షాట్లలో కూచోబెట్టినందుకు! ఈలలు వేసిన మనం మాత్రం ఆ కోణంలో ఎన్నడూ ఆలోచించలేదు. సినిమా కాబట్టి చివరికి ఏమీ కాదనే ధీమా మనది.

అదే సీను డైరెక్టరు లేకుండా, డూపు లేకుండా, రీటేకు అసలే లేకుండా రోజూ నడిచే లొకేషను ఒకటి చెబుతాను. వరంగల్ జిల్లా నెక్కొండ. కాజీపేట నుంచి విజయవాడకు పోయే రైలు మార్గంలో, వరంగల్ దాటాక వచ్చే స్టేషను. మండల కేంద్రం. చుట్టుపట్ల పత్తి, మిర్చి, మక్క, వరి పండుతాయి. పండినదంతా నర్సంపేటకో, వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకో పోవాలంటే లారీలు, డీసీఎంలు, ట్రాక్టర్లు ఈ రోడ్ల మీదుగానే పోవాలి. అదే రోడ్ల మీద బడిపిల్లలు, కూలికి పోయేవాళ్లు, పాలక్యాన్లు తగిలించుకున్నవాళ్లు, గడ్డిమోపు కట్టుకున్న ముసలివాళ్లు సైకిళ్ల మీద పోవాలి.

నేను వెళ్లింది యాసంగి మక్కల కాలంలో. పట్నంవాసులకు తెలియని ముచ్చట ఒకటుంది. ఆ రోజుల్లో తారురోడ్డులో సగం రోడ్డు కాదు, కళ్లం! రైతులు మక్కలు తెచ్చి బారున ఎండబోస్తారు. బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. వాళ్లను ఏమనగలం? గింజలో తేమ వుంటే కొనేవాడు ధర కోస్తాడు, కళ్లం చేసుకోవడానికి అందరికీ జాగా లేదు. మిగిలిన సగంలోనే లారీ, సైకిలు, ఎదురుగా వచ్చే ఆటో సర్దుకోవాలి.

ఆ మధ్యాహ్నం ఒక డీసీఎం డ్రైవరు, సైకిలు మీదున్న ఓ తాత ముందు గట్టిగా హారను కొట్టి, చివరకు బండి ఆపేసి కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఓ తాతా! ఎంతసేపు కొట్టాలె హారను? పక్కకు జరుగరాదె?"

"యాడికి జరుగాలె బిడ్డా? ఇటు మక్కలు బోసిండ్రు, అటు మొరం. మొరంల దిగితే పడ్తా. నువ్వు పైకెళ్లి పోనిస్తవా?"

డ్రైవరుకు నవ్వొచ్చింది. తాతకు మాత్రం రాలేదు. సైకిలు దిగి, మక్కల మీద కాలు పడకుండా రెండు రాళ్ల నడుమ నిలబడి, దారి ఇచ్చాడు. బండి పోయాక లేచిన దుమ్ములో మళ్లీ ఎక్కడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఆ వయసులో ఎక్కడం, దిగడమే పెద్ద పని కదా! ఊరు చేరేలోపు అలా ఎన్నిసార్లు దిగుతాడో లెక్క ఎవరు పెడతారు?

తాత అన్న ఆ మొరం సంగతి చూడండి. తారు మీద తారు వేసుకుంటూ పోతే అంచు నానాటికీ ఎత్తు పెరుగుతుంది, పక్కనున్న మట్టి వానకు కొట్టుకుపోతుంది. కారు చక్రానికి అదొక చిన్న కుదుపు. సైకిలు సన్నని చక్రానికి అది మెట్టు. దిగేటప్పుడు హ్యాండిలు మెలిక పడుతుంది. మళ్లీ ఎక్కబోతే చక్రం అంచుకు ఒరుసుకుని మనిషి రోడ్డు మీదికే, అంటే వెనక వచ్చే బండి కిందికే పడతాడు. "సైకిలోడు పక్కకు జరగడు" అని విసుక్కునే వాళ్లంతా ఒక్కసారి ఆ అంచు దిగి చూస్తే బాగుండును.

అయితే డ్రైవర్లంతా విలన్లని నేను రాయను. స్టేషను దగ్గర హోటలులో టీ తాగుతూ కూచున్నవాళ్లను కదిలిస్తే ఒక్కొక్కరిదీ ఒక్కో గోడు. చీకటి పడ్డాక లైటు లేని సైకిలు, దాని మీద నల్లకంబళి కప్పుకున్న మనిషి... ఎదుటి బండి లైట్లు కళ్లలో కొడుతుంటే దగ్గరకు వచ్చేదాకా కనబడడు. పిల్లలు ముగ్గురు పక్కపక్కనే ముచ్చట్లు పెట్టుకుంటూ తొక్కుతారు. లోడు మీదున్న లారీ అనుకున్నచోట ఆగదు. వేగం రెండింతలైతే ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది, ఇది స్కూల్లో చదువుకున్న లెక్కే. "గుద్దినంక ఆగితే జనం కొడ్తరు సార్, ఆగకపోతే దొంగ అంటరు" అన్నాడొక నడివయసు డ్రైవరు.

ఆ భయమే 2024 జనవరి మొదట్లో దేశాన్ని రెండు రోజులు నిలబెట్టేసింది. పాత శిక్షాస్మృతిలో, నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే గరిష్ఠశిక్ష రెండేళ్లు. కొత్త భారతీయ న్యాయ సంహితలో దాన్ని అయిదేళ్లు చేశారు. గుద్ది, పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా! లారీ, ట్యాంకరు డ్రైవర్లు సమ్మె చేశారు. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన జనం, పెట్రోలు దొరక్క గుర్రమెక్కి భోజనం డెలివరీకి బయల్దేరిన కుర్రాడు... వీడియో చూసే వుంటారు! సైకిలున్నవాడు మాత్రం ఆ రెండు రోజులూ రాజాలా తిరిగాడు. 2024 జులై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినా, ఆ పదేళ్ల నిబంధనను మాత్రం పక్కన పెట్టారు.

సైకిలువాళ్ల ఇళ్లలో తెలియాల్సిన సంగతి వేరే వుంది. మోటారు బండి తగిలి మనిషి పోతే అయిదు లక్షలు, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షలు, తప్పెవరిదని రుజువు చేయనక్కర్లేకుండానే అడగవచ్చు. గుద్దిన బండి దొరక్కుండా పోతే వేరే పథకం కింద మరణానికి రెండు లక్షలు, తీవ్రగాయానికి యాభై వేలు. ఇవి 2022 ఏప్రిల్ 1 నుంచి వున్న మొత్తాలు. 2025 మేలో వచ్చిన ఇంకో పథకం ప్రకారం, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా, లక్షన్నర మించకుండా, జేబులోంచి తీయకుండా చికిత్స. నేను నెక్కొండలో అడిగినవాళ్లలో ఒక్కరికీ ఈ లెక్కలు తెలియవు. దేశంలో 2022 ఒక్క ఏడాదిలో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మందయితే, అందులో సైకిలు తొక్కేవాళ్లు దాదాపు 4,800 మంది. ఆ ఇళ్లలో ఎందరు అడిగి వుంటారంటారు?

మళ్లీ సినిమాకే వద్దాం. మన తెర మీద సైకిలుకు రెండు వేషాలు. "శ్రీమంతుడు"లో మహేష్‌బాబు కోటీశ్వరుడి కొడుకు, కార్లు వదిలి సైకిలు మీద తిరుగుతాడు. అది అతని దర్జా! "మర్యాద రామన్న"లో సునీల్ సైకిలు రవితేజ గొంతుతో మాట్లాడుతుంది, నవ్విస్తుంది. కానీ ఆ పాత సైకిలుతో పని గడవకనే గదా హీరో ఆటో కొనుక్కోవాలని సొంతూరి భూమి అమ్మడానికి రైలెక్కుతాడు. నా ఓటు సునీల్ సైకిలుకే. నెక్కొండ రోడ్ల మీద తిరిగేది అదే. అన్నట్టు, 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టారు. గుర్తు సైకిలు, ఊరూరా ఆయన తిరిగింది మాత్రం షెవర్లే వ్యానుతో చేసిన చైతన్యరథం మీద!

శ్రీమంతుల సైకిలుకు దారి దొరికింది. హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరిచారు. పైన సోలారు పలకల నీడ, రాత్రిపూట లైట్లు. చూడముచ్చటగా వుంటుంది, తొక్కేవాళ్లలో చాలామంది అక్కడిదాకా సైకిలును కారు వెనకాల కట్టుకొస్తారు. తప్పని అనను. కానీ పని కోసం తొక్కేవాడికి పక్కన నాలుగడుగుల గట్టి మట్టికట్ట వున్నా చాలు, ఆ మాత్రం కూడా లేదు.

హాలెండు మొదట్నుంచీ సైకిళ్ల స్వర్గం అనుకుంటాం. కాదు. 1971లో అక్కడ రోడ్ల మీద మూడువేల పైచిలుకు మంది పోయారు, అందులో నాలుగు వందలకు పైగా పిల్లలు. తల్లిదండ్రులు, కుర్రకారు "పిల్లల హత్యలు ఆపండి" అని వీధుల్లోకి వచ్చి రోడ్లకు అడ్డం కూచున్నారు. అదే సమయంలో 1973 పెట్రోలు కరువు వచ్చి ఆదివారాలు కార్లే ఆగిపోయాయి. ఆ తర్వాతే బాటలు వచ్చాయి.

సాయంత్రం బడి వదిలే వేళకు రోడ్డు పక్కన సైకిలు రిపేరు దుకాణంలో కూచున్నాను. ఒకప్పుడు గంటల లెక్కన కిరాయికిచ్చిన సైకిళ్ల స్థానంలో ఇప్పుడు పంక్చరు పడ్డ మోటారుసైకిళ్లు నిలబడి వున్నాయి. డైనమో అడిగినవాళ్లు చాలా ఏళ్లుగా లేరట. వెనక మడ్‌గార్డుకు అంటించే ఎర్ర రేడియం స్టిక్కరు కొనేవాళ్లూ తక్కువే. ముగ్గురు ఆడపిల్లలు వచ్చారు, ఒకామె సైకిలుకు చైను పడిపోయింది. చైను ఎక్కిస్తుంటే ఆ పిల్ల అడిగింది, "అన్నా, లారోళ్లకు ఇనబడే బెల్లు ఉంటదా?"

ఆయన రేకుడబ్బా అంతా వెదికి, వున్నవాటిలో కొంచెం గట్టిగా మోగేదాన్ని తీసి బిగించాడు. ముగ్గురూ బయల్దేరారు, ఈసారి ఒకరి వెనక ఒకరు.