కారు తలుపులోని మర

పెద్దమండ్యము నుండి మదనపల్లెకు పోవు త్రోవలో, వేరుశనగ చేలన్నియు బీడుపడి గాలి యెఱ్ఱదుమ్మును మోసికొని వచ్చు వేసవి దినములలో, కారునందు కూర్చున్నవారికి అద్దము నొకమాఱు దించుటయు నొకమాఱు ఎత్తుటయు తప్పని పని. ముందు సీటులో ఎడమవైపున కూర్చుండు మా అమ్మకు కీళ్లవాతము వలన మణికట్టు బిగిసి, ఆ హ్యాండిల్‌ను త్రిప్పజాలని స్థితి వచ్చినప్పుడే, మా పాతకారు ముందు తలుపులకు పవర్ విండోలు పెట్టింపవలెనను ఆలోచన నాకు కలిగినది. అంతవఱకు ఆ తలుపు లోపల నేమున్నదో నేనెన్నడును చూచియుండలేదు. మదనపల్లెలోని యొక షెడ్డులో డోర్‌ప్యాడ్ ఊడదీసిన పిమ్మట, ఇంత సామాన్యమైన పనికై ఎందఱి బుద్ధి ఎంతకాలము శ్రమించెనో కన్నులకు కట్టినట్లు కనబడినది.

మూతకార్లు తొలుత వచ్చిన కాలమున అద్దమును తోలుపట్టీతో పైకి లాగి, పట్టీకున్న రంధ్రము నొక మేకునకు తగిలించి నిలుపుచుండెడివారు. ఆ పట్టీకి బదులుగా వచ్చినదే మనమందఱము ఎఱిగిన హ్యాండిల్. దాని వెనుక తలుపు కడుపులో దాగియుండు ఇనుపమరకు మెకానిక్కులు పెట్టుకొన్న పేరు రెగ్యులేటర్. హ్యాండిల్ త్రిప్పినచో ఒక చిన్న పళ్లచక్రము తిరుగును. అది విసనకఱ్ఱ ఆకారముగల మఱియొక పెద్ద పళ్లపలకను కదల్చును. ఆ పలకకు తగిలించిన ఇనుపచేతులు కత్తెరవలె విచ్చుకొని అద్దమును పైకి నెట్టును. గడియారపు స్ప్రింగువలె చుట్టిన యొక ఉక్కుపట్టీ అద్దపు బరువులో కొంత భాగమును తాను మోయుచు చేతికి శ్రమ తగ్గించును.

అయితే నన్ను మిక్కిలి ఆకర్షించినది అద్దమును ఎత్తు ఉపాయము కాదు, నిలుపు ఉపాయము. గతుకుల బాటలో కారు ఎంత ఎగిరిపడినను సగము దించిన అద్దము అక్కడనే యుండునుగాని తనంతట తాను జాఱిపోదు. హ్యాండిల్ మొదట నొక చిన్న డొల్ల, ఆ డొల్లలో గోడ కానుకొని యొక తీగెస్ప్రింగు ఉండును. మనచేయి త్రిప్పినపుడు ఆ స్ప్రింగు ముడుచుకొని గోడను విడిచి తిరుగును. అద్దము తన బరువుతో వెనుకకు త్రోయజూచినపుడు అదే స్ప్రింగు విచ్చుకొని గోడను బిగబట్టును. మనుష్యుని చేతికి వశమై, బరువునకు వశము కాని ఈ చిన్నతీగెను అరచేతిలో పెట్టుకొని నేను చాలసేపు చూచితిని.

చేతికి బదులు యంత్రమును నిలుపు యత్నము అమెరికాలో ఐశ్వర్యవంతుల కార్లతో మొదలైనది. 1940 చివర ప్యాకార్డ్ సంస్థ తన 180 తరగతి కార్లకు ఇట్టి కిటికీలను అమర్చెను. అయితే ఆ కాలపు అమరికలో విద్యుత్తు నేరుగా అద్దమును కదల్పలేదు. మోటారు ఒక పంపును త్రిప్పగా, పంపు ద్రవమును గొట్టములలోనికి నెట్టగా, ఆ ద్రవపు ఒత్తిడి అద్దమును ఎత్తెను. గొట్టము కారినచో తలుపు లోపలి గుడ్డ పాడగుచుండెను. 1950ల దశకమున ప్రతి తలుపులోను ఇముడునట్టి చిన్నమోటారు వచ్చి ఈ గొట్టముల గొడవను తొలగించినది. మన త్రోవలలో దీర్ఘకాలము తిరిగిన అంబాసిడర్లును, ప్రీమియర్ పద్మినులును, 1983 డిసెంబరు 14న తొలికారు కొనుగోలుదారు చేతికందిన మారుతి 800లును సామాన్యముగా హ్యాండిల్ బండ్లే. కావుననే అట్టి పాతబండ్లకు మోటారు కిట్లు అమ్ముట మనదేశములో నొక వ్యాపారమైనది. కొన్ని కిట్లలో రెగ్యులేటరునే మార్చుదురు. కొన్నింటిలో హ్యాండిల్ ఉండిన ఇరుసునే మోటారు పట్టి త్రిప్పును.

ఇచ్చట నొక లెక్క చెప్పవలెను. చిన్నకారు ముందు తలుపు అద్దము సుమారు 3 కిలోలనుకొని, దానిని 45 సెంటీమీటర్లు ఎత్తుటకు కావలసిన శక్తి 13 జౌళ్లు మాత్రమే. 12 వోల్టుల వద్ద 8 ఆంపియర్లు తీసికొను మోటారు నాలుగు సెకనులు తిరిగినచో అది వాడుకొను శక్తి దాదాపు 400 జౌళ్లు. అనగా నూటికి మూడుపాళ్లే అద్దమును ఎత్తుచున్నవి! తక్కినదెల్ల ఎక్కడికి పోయినది? కొంత మోటారులో వేడియై పోయినది. చాలభాగము ఒరపిడికి ఆహుతియైనది. మోటారు ఇరుసుమీద మరమేకువంటి చుట్లుండును. ఆ చుట్లు పళ్లచక్రమును త్రిప్పును. చుట్లు చక్రమును త్రిప్పగలవుగాని చక్రము చుట్లను త్రిప్పలేదు; వెనుకకు త్రోసినకొలది ఒరపిడి దానిని పట్టివేయును. ఇట్లు తనంతట తాను బిగిసికొను చక్రము తనకిచ్చిన శక్తిలో సగమునైనను ముందుకు పంపజాలదని యంత్రశాస్త్రము చెప్పుచున్నది. పాత హ్యాండిల్‌లో తీగెస్ప్రింగు చేసిన కావలి యిక్కడ ఒరపిడి చేయుచున్నది. ఆ వృథాయే అద్దమును నిలుపుచున్నది.

మా కారునకు మోటార్లు బిగించిన మొదటి సాయంకాలము అద్దము సగము లేచి ఆగిపోయినది. నేను మోటారును తప్పుపట్టితిని. ఆ షెడ్డులోని పెద్దమెకానిక్కు అద్దపు అంచున వ్రేలుపెట్టి చూచి, “మోటారు తప్పేం లేదు సామీ, రబ్బరు ఎండిపోయి అద్దాన్ని పట్టేసుకుంటాంది” అనెను. ఏండ్లతరబడి ఎండకు మాడి, దుమ్ము నిండి, బీడింగు ఇనుమువలె గట్టిపడియుండెను. క్రొత్త రబ్బరు వేసి సిలికాన్ పూసిన పిమ్మట అద్దము లేచినది, కాని బహు నెమ్మదిగా. రెండవ దోషము వైరుది. పాత రేడియో వైరునుండి కరెంటు తీసికొనియుండిరి. అరచదరపు మిల్లీమీటరు రాగితీగెలో పోవుటకు మూడు, వచ్చుటకు మూడు, వెరసి ఆరు మీటర్ల దూరము 8 ఆంపియర్లు ప్రవహించినచో 1.6 వోల్టులు త్రోవలోనే హరించిపోవును. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగెలో పోవునది వోల్టులో మూడవవంతు మాత్రమే. బ్యాటరీనుండి వేఱుగా లావుతీగెను, ప్రత్యేకముగా నొక ఫ్యూజును, రిలేను పెట్టించిన తరువాత అద్దము చక్కగా పరుగెత్తినది. ఫ్యూజు విషయమున ఎవ్వరును అశ్రద్ధ చేయరాదు: అద్దము అడ్డుపడి మోటారు నిలిచినపుడు కరెంటు అనేకరెట్లు పెరుగును, తీగె కాలును.

తలుపునకు తీగె పోవు చోట రబ్బరుగొట్టము తప్పక యుండవలెను. దినమునకు పదిమార్లు తలుపు తెఱచినచో ఏడాదికి 3,650 మార్లు ఆ తీగె వంగును గదా. ప్యాడు వెనుకనుండు ప్లాస్టిక్ కాగితమును మరల అంటింపక చింపి పాఱవేయుట మఱియొక అపరాధము. వానలో అద్దము వెంట దిగు నీరు తలుపు క్రింది రంధ్రముల గుండ పోవుటకు బదులు కారులోనికి వచ్చును.

స్విచ్చును గూర్చి నేను పట్టుపట్టితిని. ఒకవైపు నొక్కినచో ఎక్కి, మఱియొకవైపు నొక్కినచో దిగు స్విచ్చులున్నవి; కిటికీలో తల పెట్టి చూచు పసిబిడ్డ మోకాలు దానిమీద పడినచో అద్దము లేచి మెడను నొక్కును. అట్టి మరణములు సంభవించుటచేతనే అమెరికా 2006లో తన నియమమును సవరించి, అద్దము ఎత్తుటకు స్విచ్చును పైకి గాని బయటికి గాని లాగవలసిన ఏర్పాటును కోరినది. అడ్డు తగిలిన వెంటనే తనంతట వెనుకకు దిగు గుణము చౌక కిట్లలో ఉండదు. కావున పైకి లాగెడి స్విచ్చులనే వెదకి తెప్పించి, కారు తాళపుచెవి తీసినంతనే వాటికి కరెంటు ఆగునట్లు చేయించితిని.

వెనుక తలుపులకు మాత్రము మోటార్లు వలదంటిని. మా సీమలో ఏడాదిలో ఎక్కువకాలము ఎండియుండు వంక, ఒక్క రాత్రి వానకు రోడ్డుమీద పొర్లి పాఱును. నీటిలో చిక్కిన కారునకు కరెంటు ఎంతసేపు నిలుచునో చెప్పలేము. నీరు అంచుదాకా రాకముందే అద్దము దించి బయటపడవలెను. అందుచేత ఆ రెండు తలుపులకు పాత హ్యాండిళ్లే యున్నవి. ఏటేట వానలు పడకముందు ప్యాడ్లు తీయించి రెగ్యులేటర్ల పళ్లకు గ్రీజు పెట్టించుచున్నాను. ముందు సీటులో అమ్మ ఇప్పుడు చిటికెనవ్రేలితో అద్దము ఎత్తుకొనుచు, దుమ్ము దాటినంతనే మరల దించుకొనుచు మదనపల్లె దాక వచ్చుచున్నది.