ప్రతి దాహమూ షుగరు కాదు



క్యాన్సర్‌కు వైద్యం పొందుతున్న మనిషి ఉన్నట్టుండి చెంబులకు చెంబులు నీళ్లు తాగుతూ, రాత్రంతా మూత్రానికి లేస్తుంటే ఇంట్లోవాళ్లు షుగరు వచ్చిందనుకుంటారు. పరీక్షలో షుగరు లేదని తేలితే ఊరుకుంటారు. అలా ఊరుకోకూడదని చెప్పడానికే ఈ వ్యాసం.

మెదడు అడుగున, కంటినరాలు కలిసే చోటికి కింద, శనగగింజంత పీయూష గ్రంథి ఉంటుంది. దీన్నే పిట్యూటరీ అంటారు. థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులను నడిపించేది ఇదే. అరుదుగా క్యాన్సర్ రక్తం ద్వారా ఇక్కడికీ పాకుతుంది. అలా పాకేవాటిలో రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లే ఎక్కువ. గ్రంథి వెనుక భాగానికి ధమనుల రక్తం నేరుగా అందుతుంది కనుక క్యాన్సర్ కణాలు ఎక్కువగా అక్కడ చేరతాయి. మూత్రాన్ని అదుపు చేసే వాసోప్రెసిన్ విడుదలయ్యేదీ అక్కడి నుంచే. అది తగ్గితే అతిమూత్ర వ్యాధి వస్తుంది. తలనొప్పి, పక్కచూపు తగ్గడం, ఒకటి రెండుగా కనిపించడం, విపరీతమైన నీరసం మిగతా గుర్తులు.

సోడియం, కార్టిసాల్, థైరాయిడ్ రక్తపరీక్షలు, మూత్రపరీక్ష, ఎమ్మారై స్కానింగ్‌తో వ్యాధిని గుర్తిస్తారు. అది మామూలు గడ్డో, పాకిన క్యాన్సరో తేలకపోతే ముక్కు లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు.

కార్టిసాల్ తగ్గితే ముందు హైడ్రోకార్టిసోన్, ఆ తరువాతే థైరాయిడ్ మాత్ర ఇస్తారు. ఈ వరుస తప్పితే ప్రాణానికే ముప్పు. అతిమూత్రానికి డెస్మోప్రెసిన్ ఉంది. గడ్డకు రేడియేషన్, కంటినరం నొక్కుకుపోతుంటే ఆపరేషన్, అసలు క్యాన్సర్‌కు దాని మందులు. జబ్బు పూర్తిగా పోకపోయినా, వేళకు గుర్తిస్తే చూపును, ఓపికను కాపాడుకునే అవకాశం ఉంటుంది.

రంజాన్ మాసంలో మరో జాగ్రత్త. ఇలాంటి రోగి పగలంతా నీళ్లు, మాత్రలు లేకుండా ఉండటం ప్రమాదం. రోగులకు ఖుర్ఆన్ రోజా నుంచి సడలింపు ఇచ్చింది. కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా ఉంది. డాక్టరును, ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోవాలి. హైడ్రోకార్టిసోన్‌ను సొంతంగా ఒక్కరోజు కూడా మానకూడదు.

గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం, మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్నాయి. అనేక క్యాన్సర్ చికిత్సలు ఎన్టీఆర్ వైద్యసేవ కిందికి వస్తాయి. అయినా మాచర్ల, గురజాల కూలి కుటుంబానికి దారి ఖర్చు, తోడు వెళ్లినవారి తిండి, పోయిన కూలి డబ్బు మిగిలే భారాలు. జకాత్ అందాల్సిన ఎనిమిది వర్గాల్లో ముందున్నది నిరుపేదలే. మీరిచ్చే జకాత్, సదఖా అలాంటి రోగిని వేళకు ఆసుపత్రి చేరుస్తాయి. మీ వీధిలో ఇలాంటి దాహంతో ఉన్న క్యాన్సర్ రోగి కనిపిస్తే మాకు ఒక్క మాట చెప్పండి. అదీ సదఖాయే.